బుల్లి క్యాబేజీలకి ఫిల్మ్ నగర్‌లో 120 రోజుల షెడ్యూల్!

జూబ్లీహిల్స్‌లో ఏ పెద్ద సూపర్ మార్కెట్‌కైనా వెళ్లి కూరగాయల వైపు చూడండి. బెండకాయలు, దొండకాయలు, సొరకాయలు గుట్టలుగా ఉంటాయి. వాటి పక్కన చల్లటి అద్దాల అరలో, చిన్న ట్రేలో ప్లాస్టిక్ చుట్టి, నిమ్మకాయ కంటే చిన్నగా పచ్చటి ఉండలు కొన్ని కనిపిస్తాయి. బొమ్మరింట్లో పెట్టుకునే క్యాబేజీల్లా భలే ముద్దుగా ఉంటాయి. అవే బ్రసెల్స్ స్ప్రౌట్స్. పేరులో స్ప్రౌట్స్ ఉంది కదా అని మొలకెత్తిన పెసలతో కలిపేయకండి. వాటికీ వీటికీ చుట్టరికం లేదు. ఇవి అచ్చంగా క్యాబేజీ ఇంటి పిల్లలు.

ఇన్‌స్టాలో హెల్దీ డిన్నర్ రీల్స్ చూసేవాళ్లకి ఇదేమీ కొత్త కాదు. ఎయిర్ ఫ్రయర్‌లో వేయించి, నిమ్మరసం పిండి, కెమెరా ముందు కరకరమని కొరికి చూపిస్తుంటారు. మరి వీటిని హైదరాబాద్‌లో, అదీ ఫిల్మ్ నగర్ మిద్దె మీద పెంచొచ్చా? యూట్యూబ్‌ని అడిగితే "చాలా ఈజీ" అనే వీడియోలు బోలెడు వస్తాయి. నా జవాబు వేరు. పెంచొచ్చు. ఈజీ మాత్రం కాదు. పోయిన ఏడాది ఆగస్టు నుంచి జనవరి దాకా వీటి వెనకే తిరిగాను కాబట్టి చెబుతున్నా.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. సినిమాల్లో రైటింగ్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. ఫిల్మ్ నగర్‌లో ఒక మూడంతస్తుల ఇంటి మీద ఒంటి గది నాది. గది చిన్నదే, ముందున్న మిద్దె మాత్రం పెద్దది. మోకాళ్ల నొప్పుల వల్ల ఓనర్ ఆంటీ పైకి రారు. ఆవిడ కుండీలకి రోజూ నీళ్లు పోసేది నేను, ఆదివారం వచ్చి వాటి బాగోగులు చూసేది ఒక మాలి అన్న. ఊరు పాలమూరు వైపు. పొద్దున్నే జూబ్లీహిల్స్‌లో మూడు బంగ్లాల్లో తోట పని, ఇల్లేమో మా వీధి వెనక బస్తీలో. ఈ కథలో హీరో ఆయనే. పేరు రాయొద్దన్నాడు కాబట్టి అన్న అనే పిలుస్తా.

ప్యాకెట్ మీద 90 రోజులు

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం అన్న చొక్కా జేబులోంచి రంగురంగుల విత్తనాల ప్యాకెట్ తీసి నా చేతిలో పెట్టాడు. "తమ్మీ, జర ఇది చదివి చెప్పు. అంత ఇంగ్లీషే ఉన్నది."

ఆయన పనిచేసే మూడు బంగ్లాల్లో పెద్దదాని మేడం ఇచ్చారట. డిసెంబర్ 31 రాత్రి వాళ్లింట్లో పార్టీ. ఇంగ్లండ్‌లో క్రిస్మస్ భోజనం అంటే బల్ల మీద ఈ కూర ఉండాల్సిందే. మేడం అది ఎక్కడో చూసొచ్చారు. కాడని మొదలుకంటా కోసి, ఉండలు దానికే అతుక్కుని ఉండగా, డైనింగ్ టేబుల్ మధ్యలో పూలగుత్తి బదులు పెట్టాలని కోరిక. అదీ మన తోటలో పండింది!

ప్యాకెట్ ముందు వైపు పెద్ద అక్షరాల్లో 90 రోజులు అని ఉంది. వెనక చీమల్లాంటి అక్షరాల్లో ఇంకో మాట ఉంది: నారు నాటిన రోజు నుంచి. అంటే విత్తనం నారుగా ఎదగడానికి పట్టే 30 రోజులు ఈ లెక్కలో లేవు. ఫోన్ క్యాలెండర్ తీసి లెక్కేశాం. ఆగస్టు 25న విత్తితే సెప్టెంబర్ 24కి నారు నాటాలి, అక్కణ్నుంచి 90 రోజులంటే డిసెంబర్ 23. కాగితం మీద ఓ వారం మిగిలింది కూడా.

అన్న మొహంలో మాత్రం మార్పు లేదు. "లెక్క సరే తమ్మీ. క్యాబేజీ జాతే గద ఇది. చలి పడకుంట గడ్డ ఎట్ల కడ్తది?"

ఇంగ్లీషు ముక్క చదవకుండానే ఆయన అసలు పాయింట్ మొదటి రోజే చెప్పేశాడు. మిగతా నాలుగు నెలలూ మేం చూసింది దాని వివరణే.

ఇంతకీ అది ఆయనకి సరదా ప్రయోగం కాదు. ఆ ఇంటి మేనేజర్ అప్పటికే ఒక ల్యాండ్‌స్కేపింగ్ కంపెనీ దగ్గర కొటేషన్ తీసుకున్నాడు. యూనిఫాం వేసుకున్న కుర్రాళ్లు, గడ్డి కోసే మెషీన్, నెల నెలా బిల్లు. అన్నకి వచ్చే నెల డబ్బుల్లో సగం ఆ ఒక్క బంగ్లాదే. "ఇది గిట్ల వస్తే మనకు జర పేరుంటది" అన్నాడు. రాకపోతే ఏంటన్నది ఆయన అనలేదు, నేను అడగలేదు.

ఒకే మొక్క.. ఆరు వేషాలు

ఇక్కడ కాస్త సైన్స్ ఓపిక పట్టండి, లేకపోతే మిగతాది అర్థం కాదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలి, నూల్‌కోల్, కేల్, బ్రసెల్స్ స్ప్రౌట్స్.. ఈ ఆరూ వృక్షశాస్త్రం లెక్కలో ఒకే జాతి. దాని పేరు బ్రాసికా ఒలరేసియా. ఐరోపా సముద్ర తీరాల్లో పెరిగే ఓ అడవి ఆకుకూర ఇది. రైతులు తరతరాలుగా తమకి నచ్చిన మొక్కల విత్తనాలే దాచుకుంటూ పోతే ఇన్ని రూపాలొచ్చాయి. 'దశావతారం'లో కమల్ హాసన్ పది వేషాలేశాడు కదా, ఇదీ అలాంటిదే.

కేల్‌లో ఆకు తింటాం. నూల్‌కోల్‌లో ఉబ్బిన కాండం, కాలీఫ్లవర్, బ్రకోలిల్లో విచ్చుకోని పూలు. క్యాబేజీలో కొసన ఉన్న ఒకే ఒక్క మొగ్గ చుట్టుకుని పెద్ద గడ్డ అవుతుంది. బ్రసెల్స్ స్ప్రౌట్స్‌లో కాండం రెండు మూడడుగుల ఎత్తు పెరుగుతుంది. ప్రతి ఆకు మొదట్లో, ఆకు కాండానికి అతికే చంకలో, ఒక మొగ్గ ఉంటుంది. కొమ్మగా సాగాల్సిన ఆ మొగ్గ సాగదు. ఆకు మీద ఆకు చుట్టుకుని ఉండగా మారుతుంది.

అంటే ఎన్ని ఆకులో అన్ని ఉండలన్నమాట. కాబట్టి చలి మొదలయ్యే నాటికి మొక్క ఎత్తు పెరిగి, ఆకులు బాగా వేసేసి ఉండాలి. ఆ తర్వాత చలిలో ఉండలు చుట్టుకోవాలి. పెరగడం వానల్లో, చుట్టుకోవడం చలిలో. ఈ రెండు షెడ్యూళ్లూ సరిగ్గా కుదిరితేనే సినిమా రిలీజ్.

ఉండలు గట్టిగా రావాలంటే 15 నుంచి 18 డిగ్రీల వాతావరణం బాగా నచ్చుతుంది దీనికి. 25 దాటితే వదులైపోయి, గులాబీలా విచ్చుకుంటాయి. మరి మన హైదరాబాద్? డిసెంబర్, జనవరి రాత్రుళ్లు దాదాపు 15కి దిగుతుంది కానీ మధ్యాహ్నం 28 దగ్గర ఉంటుంది. ఫిబ్రవరి వచ్చిందంటే పగలు 30 దాటేస్తుంది. అంటే మొక్కకి హాయిగా ఉండేది ఆ రెండు నెలల రాత్రుళ్లే. మన దేశంలో దీన్ని ఊటీ, హిమాచల్ లాంటి చల్లటి కొండల్లో పండించడానికి కారణం ఇదే. ఊటీ సముద్ర మట్టానికి 2,200 మీటర్ల పైన ఉంది. మనం 500 మీటర్ల పైచిలుకు, అంతే.

పైగా మనది బండల మీద కట్టిన ఏరియా. 1960లలో చల్లగళ్ల నరసింహం గారు హౌసింగ్ సొసైటీతో జూబ్లీహిల్స్‌కి శ్రీకారం చుట్టినప్పుడు ఇక్కడున్నది గ్రానైట్ గుట్టలు, ముళ్ల తుప్పలు. తర్వాత స్టూడియోలు, బంగ్లాలు, వాటిని ఆనుకుని బస్తీలు వచ్చాయి. పగలంతా కాగిన బండ, దాని మీద పోసిన కాంక్రీటు రాత్రంతా నెమ్మదిగా వేడి వదులుతూనే ఉంటాయి. డిసెంబర్‌లో రాత్రి పదింటికి కేబీఆర్ పార్క్ పక్క నుంచి బైక్ మీద వస్తే చేతులు కొంకర్లు పోతాయి. ఫిల్మ్ నగర్ సందుల్లోకి తిరగ్గానే జాకెట్ జిప్ తీసెయ్యొచ్చు. తేడా మీరే చూడండి ఓసారి.

ఈ బండల మీద తోటలు లేవని కాదు. చిరంజీవి తన ఇంటి పెరట్లో తాను నాటిన విత్తనం పాదై ఆనపకాయలు కాస్తే, మురిసిపోతూ వీడియో పెట్టారు గుర్తుందా? 2020 లాక్‌డౌన్‌లో సమంత ట్రేలో కోకోపీట్ వేసి క్యాబేజీ మైక్రోగ్రీన్స్ పెంచి ఫ్యాన్స్‌కి చూపించింది. అవీ మన బ్రసెల్స్ స్ప్రౌట్స్ జాతే. రెండు వారాల్లో కోసేసే లేత మొలకలు కాబట్టి వాటికి చలికాలంతో పేచీ లేదు. ఇక కథా రచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి గారు 'మిద్దెతోట' అన్న మాటని తెలుగు ఇళ్లలోకి తెచ్చిన దగ్గర్నుంచి, హైదరాబాద్‌లో డాబా మీద వంకాయ, టమాటా కాయించడం మామూలైపోయింది. బ్రసెల్స్ స్ప్రౌట్స్ ఆ లిస్టులో ఎందుకు లేదో పైన చెప్పుకున్నాం.

మూడు చోట్ల మూడు రకాలు

అన్న 20 విత్తనాలు కోకోపీట్, వర్మికంపోస్ట్ కలిపిన ట్రేలో వేశాడు. 14 మొలిచాయి. సెప్టెంబర్ వానలకి లేత నారు కుళ్లిపోకుండా పైన పాత సినిమా ఫ్లెక్సీ ఒకటి వాలుగా కట్టాడు. (ఆ సినిమా ఆడలేదు. ఫ్లెక్సీ మాత్రం బాగా పనికొచ్చింది.) నాలుగైదు ఆకులొచ్చాక, సెప్టెంబర్ 25న పంపకాలు. బంగ్లా తోటలో 8, మా మిద్దె మీద 4. మిగిలిన 2 అన్న తన ఇంటి గోడ పక్కన, రంగులేసే వాళ్లు పడేసిన 20 లీటర్ల పెయింట్ బకెట్లలో పెట్టుకున్నాడు.

కుండీలో పెంచాలనుకునేవాళ్లు ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. ఒక మొక్కకి ఒక కుండీ. 15 నుంచి 20 లీటర్లు పట్టేది, అడుగుకి తగ్గని లోతు, అడుగున నీళ్లు పోయే చిల్లులు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ సమంగా కలిపి, రెండు గుప్పిళ్లు వేపపిండి. కరివేపాకు కుండీలా మట్టి గుల్లగా వదిలేస్తే కుదరదు. చేత్తో బాగా అదమాలి. వేళ్లు గట్టిగా నిలవకపోతే మొక్క ఊగుతుంది, ఉండలూ వదులుగా వస్తాయి. అడుగున్నర దాటగానే కర్ర పాతి కట్టాలి. తడిసిన 20 లీటర్ల కుండీ పాతిక కిలోల దాకా తూగుతుంది. పాత డాబా అయితే కుండీలన్నీ మధ్యలో కాకుండా పిట్టగోడ వెంట, కింద గోడ ఉన్న చోట పెట్టుకోండి.

వేడి విషయంలో అన్న చెప్పినవి మూడే. కుండీని స్లాబ్ మీద ఆనించకుండా ఇటుకల మీద పెట్టాలి. మట్టి మీద ఎండుటాకులు నాలుగు వేళ్ల మందం పరచాలి. జూబ్లీహిల్స్ రోడ్ల మీద రాలే కానుగ ఆకులు ఇందుకు బంగారం, రోజూ పొద్దున్నే మున్సిపాలిటీ వాళ్లు ఊడ్చి పారేసేవే. మధ్యాహ్నం రెండు దాటాక నీడ పడేలా చూడాలి, లేదంటే గ్రీన్ నెట్ కట్టాలి. పొద్దుటి ఎండ ఐదారు గంటలు మాత్రం తప్పనిసరి.

అక్టోబర్‌లో పురుగు మొదలైంది. డైమండ్ బ్యాక్ మాత్ అంటారు. చిన్న ఆకుపచ్చ పురుగు, ముట్టుకుంటే దారం వదిలి కిందికి జారుతుంది. క్యాబేజీ వేసిన ప్రతి రైతుకీ పాత శత్రువే. దీనికి అన్న మందు మన పోపుల డబ్బాలో ఉంది. ఆవాలు! కుండీల చుట్టూ నాలుగు తొట్లలో గుప్పెడు ఆవాలు చల్లాడు. ఆవ మొక్క కూడా బ్రాసికా కుటుంబమే, వాసన ఇంకా ఘాటు. తల్లి పురుగులు దాని మీద వాలి గుడ్లు పెడతాయి. ఆ ఆవ ఆకులు పీకి, పురుగుతో సహా సబ్బు నీళ్లలో ముంచేస్తే సరి. మిగిలిన వాటికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల లిక్విడ్ సోప్. సాయంత్రం పూట, వారానికోసారి, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి. నవంబర్‌లో పేనుబంక వచ్చినప్పుడు కూడా ఇదే.

మొక్కలు మూడు చోట్లా మూడు రకాలుగా పెరిగాయి. బంగ్లాలోవి చూస్తే కళ్లు చెదిరేవి. ఏనుగు చెవులంత ఆకులు. లాన్ పచ్చగా మెరవాలని మేనేజర్ వేయించే యూరియా వీటి వేళ్లకీ అందుతోంది మరి. నాలుగు మొక్కలున్న మా మిద్దె మీద గాలికి ఒకటి విరిగింది, మిగతా మూడూ ఓ మోస్తరు. బస్తీలోవి పొట్టిగా, గట్టిగా, బూడిద రంగు పొడి పూసినట్టుండే ఆకులతో నిలబడ్డాయి. వాటికి పోసేది బియ్యం కడిగిన నీళ్లు. సందు ఇరుకు కాబట్టి పన్నెండు దాటితే ఎదురింటి గోడ నీడ పడిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి మా మిద్దె మీద గ్రో బ్యాగ్‌ని తాకితే వేడి పాల గ్లాసులా కాలేది. అదే టైంలో అన్న ఇంటి బకెట్ చల్లగా ఉండేది.

వాయిస్ మెసేజ్

డిసెంబర్ 1న అన్న బంగ్లా మొక్కల దగ్గర కూర్చుని ఒక్కో ఆకు చంకలో వేలు పెట్టి చూశాడు. శనగ గింజంత మొగ్గలున్నాయి. నెల రోజుల్లో ఇవి టేబుల్ మీద పెట్టేంత అవ్వవని ఆయనకి తెలిసిపోయింది.

నేనైతే ఇంకో పదిహేను రోజులు చూద్దాం, చలి పెరుగుతుందేమో అన్నా. ఆయన ఒప్పుకోలేదు. "ఇప్పుడే చెప్తే వాళ్లు ఇంకో దారి చూస్కుంటరు. ముప్పై ఒకటి నాడు చెప్తే మోసం చేసినట్టయితది." మేడం నంబర్‌కి ఇంగ్లీష్‌లో మంచి మెసేజ్ టైప్ చేసి పెడతానన్నాను. వద్దన్నాడు. తనే వాయిస్ మెసేజ్ పెట్టాడు, నా ఎదురుగానే. ప్యాకెట్ ఆగస్టు నెలాఖరుకి చేతికొచ్చింది, ఇది జూలైలో పోయాల్సిన నారు, సంక్రాంతి దాటితే గానీ కాయ రాదు, పార్టీకి తోటలోంచే కావాలంటే నూల్‌కోల్, బ్రకోలి తయారుగా ఉంటాయి, ఎందుకైనా మంచిదని సెప్టెంబర్‌లోనే పక్క మడిలో వేసి పెట్టిన.. అని.

ఆ పక్క మడి సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. నూల్‌కోల్ నాటిన 50, 60 రోజుల్లో కోతకొస్తుంది. బ్రకోలి ఇంకాస్త ఎక్కువ. మన చలికాలంలో రెండూ చక్కగా ఒదిగిపోతాయి. నిజానికి మొదటిసారి ప్రయత్నించేవాళ్లకి నా సలహా కూడా నూల్‌కోలే.

మేడం నుంచి జవాబుగా ఒక థంబ్స్ అప్ బొమ్మ వచ్చింది. అంతే. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో అన్న నన్ను రెండుసార్లు అడిగాడు. డైలాగులు రాసే పనిలో ఉన్నా, ఆ బొటనవేలికి నా దగ్గర అర్థం లేదు.

డిసెంబర్ 20న మొక్కల తలలు తుంచాం. ఇది పెద్ద తోటల్లో కూడా చేసేదే. కింది ఉండలు గోలీ అంత అయ్యాక కొసన ఉన్న మొగ్గ గిల్లేస్తే, పైకి పెరగడానికి వెళ్లే బలం పక్క మొగ్గలకి మళ్లుతుంది. పండుబారిన కింది ఆకులు కూడా తీసేయాలి. తీసేసినవి పారేయకండి. లేతవి పప్పులో వేసుకుంటే క్యాబేజీ, ఆవాకు కలిపినట్టు భలే ఉంటాయి.

31 రాత్రి బంగ్లాలో బ్రకోలి సూపూ, షాపు నుంచి తెచ్చిన బ్రసెల్స్ స్ప్రౌట్సూ వడ్డించారట. టేబుల్ మధ్యలో పూలు పెట్టారు.

జనవరి మూడో వారం

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి చలి ఇంకా ఉంది. నాటి 117 రోజులు. మొదట బంగ్లా మొక్కలు చూశాం. ఎనిమిదింటిలో ఆరు మొక్కల ఉండలు వదులుగా, విడిపోయిన మొగలి రేకుల్లా ఉన్నాయి. నత్రజని ఎక్కువైతే జరిగేది ఇదే. ఆకుకి పోతుంది బలమంతా. మా మిద్దె మీదవి కిందివి గట్టిగా, పైవి వదులుగా వచ్చాయి.

బస్తీలో ఆ రెండు బకెట్లు మాత్రం చూసి తీరాలి! కాండం చుట్టూ కింద నుంచి పైకి మెలికలుగా, నొక్కితే నొక్కుపడనంత గట్టిగా ఉండలు. ఒక్కో మొక్కకి పాతిక ముప్పై. చల్లటి దేశాల్లో మొక్కకి కిలో దాకా వస్తుందంటారు, ఇక్కడ ఒక్కో మొక్కకి పావు కిలో రావడమే గొప్ప. సందులో పిల్లలంతా వచ్చి లెక్కపెట్టారు. ఒకడు గోలీలాట ఆడదామన్నాడు కూడా.

అన్న రెండింటిలో బాగున్న మొక్కని మొదలుకంటా కోసి, ఆకులు దులిపి, న్యూస్ పేపర్‌లో చుట్టాడు. బంగ్లాకట. పార్టీ అయిపోయింది కదన్నా, ఇంట్లో పండింది ఎందుకివ్వడం అంటే, "అడిగిండ్రు గద తమ్మీ. సంక్రాంతికిస్తనని చెప్పిన" అన్నాడు. మేడం దాన్ని టేబుల్ మధ్యలో నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. స్టోరీ కూడా పెట్టారు. దాన్ని ఎక్కడ పండించాడో అన్న చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

ఫిబ్రవరి నుంచి లాన్, పూల మొక్కలు కంపెనీకి వెళ్లాయి. కూరగాయల మడి మాత్రం అన్న దగ్గరే ఉంచమని మేడం చెప్పారట. వారానికి మూడు రోజులు, డబ్బులు సగం. అది గెలుపో ఓటమో నేను తేల్చలేను. అన్న మాత్రం ఖాళీ అయిన మూడు రోజులకి మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ పట్టుకున్నాడు.

రెండో మొక్క మాత్రం వదిన వండింది. ఇది అసలు చెప్పాల్సిన విషయం. చాలామందికి ఈ కూర అంటే చేదు, గంధకం వాసన గుర్తొస్తాయి. రెండింటికీ కారణం ఎక్కువసేపు ఉడకబెట్టడమే. ఈ కుటుంబం మొక్కల్లో గంధకం ఉన్న ఘాటు పదార్థాలుంటాయి, ఉడికేకొద్దీ అవి విడిపోయి గది నిండా పరుచుకుంటాయి. 1990లలో నెదర్లాండ్స్‌లో హాన్స్ వాన్ డోర్న్ అనే శాస్త్రవేత్త వీటిలో చేదుకి కారణమైన రెండు పదార్థాలేవో పట్టుకున్నాడు. దాంతో విత్తన కంపెనీలు చేదు తక్కువగా ఉన్న పాత రకాలు వెతికి, కొత్త వాటితో సంకరం చేశాయి. ఇప్పటి హైబ్రిడ్‌లు మన తాతల కాలం నాటి వాటంత చేదు కావు. మంచు తగిలితే ఇంకా తీపెక్కుతాయి, మనకి ఆ అదృష్టం లేదు.

వదినకి ఈ గొడవేమీ తెలీదు, తెలియక్కర్లేదు కూడా. ఉండల్ని రెండుగా కోసింది. నానబెట్టిన శనగపప్పు, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు, ఆవాలతో పోపు. కోసిన వైపు మూకుడుకి ఆనేలా పరిచి, ఎర్రగా వేగాక మూత పెట్టి ఐదే నిమిషాలు. దించే ముందు పచ్చి కొబ్బరి తురుము. జొన్న రొట్టెతో తిన్నాం. లోపల క్యాబేజీ తీపి, బయట మాడిన అంచు రుచి. ఎయిర్ ఫ్రయర్ రీల్స్ చేసేవాళ్లు ఒకసారి ఇటు రావాలి. ఓనర్ ఆంటీకి కూడా ఓ గిన్నె పంపాం కానీ ఆవిడ రెండు ముక్కలే రుచి చూశారు. గుండె వాల్వ్ ఆపరేషన్ తర్వాత రక్తం పలచబడే మందు వాడుతున్నారు. ఈ కూరలో విటమిన్ కె బాగా ఎక్కువ, ఆ మందు పనికి అది అడ్డుపడుతుంది. మీ ఇంట్లో ఎవరైనా వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా ఇది పెట్టకండి.

ఇంకో మాట. మొక్క వదిలేసి విత్తనం కడదామనుకోకండి. ఇది రెండేళ్ల మొక్క. వారాల తరబడి గట్టి చలి తగిలితే గానీ పూతకి రాదు, మన జనవరి దానికి చాలదు. పైగా హైబ్రిడ్ విత్తనం మళ్లీ వేస్తే అదే మొక్క రాదు. కాబట్టి ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. నెక్లెస్ రోడ్‌లో నర్సరీ మేళా పెట్టినప్పుడు వెతకండి, లేదా ఆన్‌లైన్. తొందరగా కాసే హైబ్రిడ్ రకమే తీసుకోండి. జేడ్ క్రాస్ లాంటివి. మన వ్యవసాయ పుస్తకాల్లో కనిపించే హిల్డ్స్ ఐడియల్ మంచి రకమే కానీ అది కొండ ప్రాంతాల కోసం.

ఈసారి ప్యాకెట్ అన్నే కొన్నాడు, తన డబ్బుతో. జూలై 20కి నారు పోస్తే ఆగస్టు 20కి నాటొచ్చు, డిసెంబర్ చలి తగిలే నాటికి మొక్క నడుమెత్తు ఉంటుంది. పెయింట్ బకెట్లు ఆరు సంపాదించి సందులో గోడ వారగా పేర్చాడు. రెండు బకెట్లు నాకట. మిద్దె మీద కాదు, అక్కడే, ఆ నీడలోనే పెట్టుకోవాలి. నీళ్లు పోయడానికి మాత్రం రోజూ నేనే కిందికి దిగాలని కండిషన్.